ఉర్దూ రాకపోతే ఈమాన్ (విశ్వాసం) తక్కువైనట్టా?

నూర్‌బాషా_గుంటూరు అడిగిన ప్రశ్న:

అందరికీ సలాం. మాది గుంటూరు, దూదేకుల వాళ్ళం. తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. నమాజుకి సరిపడా సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) నోటికి వచ్చు, రోజాలు ఉంటాం, బక్రీదుకి కుర్బానీ ఇస్తాం, కానీ ఉర్దూలో నాలుగు మాటలు వరసగా మాట్లాడమంటే రాదు. ఇప్పుడు నాకు విజయవాడలో ఒక సంబంధం చూస్తున్నారు. వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. అమ్మాయికీ నాకూ ఇష్టమే, ఆమె తెలుగు మీడియంలో చదువుకుంది కాబట్టి మా ఇద్దరికీ మాట్లాడుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు. విషయం పెద్దల దగ్గర ఆగింది. వాళ్ళ పెద్దాయన ఒకరు మా నాన్న ఎదురుగానే "అబ్బాయి మంచోడే, కానీ వీళ్ళకి జుబాన్ (భాష) లేదు, జుబాన్ లేని ఇంట్లో దీన్ (ధర్మం) ఎన్నాళ్ళు నిలుస్తుంది" అన్నారు. మా నాన్న మర్యాద కోసం ఊరుకున్నారు గానీ ఆ రాత్రి అన్నం తినలేదు.

నేను అడిగేది పెళ్ళి గురించి కాదు, అది ఎలాగో తేలుతుంది. అసలు ఈమాన్ అంటే ఏమిటి? దానికి ఉర్దూతో సంబంధం ఎంత? శుక్రవారం మా మసీదులో బయాన్ (ప్రసంగం) ఉర్దూలోనే జరుగుతుంది, నాకు సగం అర్థమవుతుంది, మా నాన్నకి ఆ సగం కూడా అర్థం కాదు, అయినా కళ్ళు మూసుకుని చివరిదాకా కూర్చుంటారు. అలా కూర్చునే మనిషి ఈమాన్, బయాన్ అర్థమయ్యే వాళ్ళ ఈమాన్ కంటే తక్కువా? తెలిసిన వాళ్ళు వివరంగా చెప్పండి.

---

ఆనందపేట_మాస్టారు:

వ అలైకుం సలాం బాబూ. పిల్లలకి ఖురాన్ చదవడం నేర్పిస్తూ చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి, మాది ఉర్దూ ఇల్లే. ఆ పెద్దాయన ఏ దిగులుతో అన్నారో ఊహించగలను, కానీ ఆ మాటకి దీన్‌లో ఆధారం లేదు.

ఈమాన్ అంటే ఏమిటని ప్రవక్త (స) గారినే నేరుగా అడిగిన సందర్భం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన హదీసు, అంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం అది, సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. తెల్లటి బట్టలు, నల్లటి జుట్టు, ప్రయాణం చేసొచ్చిన ఆనవాళ్ళేమీ లేవు, అక్కడున్న వాళ్ళెవరికీ ముఖపరిచయం లేదు, అలాంటి మనిషి వచ్చి ప్రవక్త మోకాళ్ళకి తన మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. ఇస్లాం అంటే ఏమిటో చెప్పమన్నాడు. జవాబుగా వచ్చినవి ఐదు: షహాదా (అల్లాహ్ ఒక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం), నమాజు, జకాత్ (విధి దానం), రంజాన్ ఉపవాసాలు, స్తోమత ఉంటే హజ్. ఈమాన్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. అల్లాహ్‌ను, ఆయన దూతలను, గ్రంథాలను, ప్రవక్తలను, అంతిమ దినాన్ని నమ్మడం, మంచైనా చెడైనా విధి ఆయన నిర్ణయమేనని నమ్మడం అన్నారు. ఆ తర్వాత ఇహ్సాన్, అంటే ఆరాధనని చక్కగా చేయడం గురించి అడిగాడు. అల్లాహ్‌ను కళ్ళారా చూస్తున్నట్టు ఆరాధించు, నువ్వు ఆయన్ని చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు అని జవాబు. ఆ మనిషి వెళ్ళిపోయాక ప్రవక్త చెప్పారు, వచ్చింది దైవదూత జిబ్రీల్ అని, మీ ధర్మం మీకు నేర్పడానికి వచ్చారని.

మన పిల్లలు మద్రసాలో "ఆమంతు బిల్లాహి" అని మొదలుపెట్టి వల్లించే విశ్వాస వాక్యం ఈమాన్-ఎ-ముఫస్సల్‌లో చెప్పేది దాదాపు ఇదే. ఈ ఆరింటిలో భాష ఎక్కడుందో ఆ పెద్దాయన్ని చూపించమను, మర్యాదగానే.

ఇంకొకటి. ఖురాన్ 49వ సూరా 14వ ఆయత్‌లో (వాక్యంలో) ఎడారి అరబ్బులు వచ్చి "మేం ఈమాన్ తెచ్చుకున్నాం" అంటారు. దానికి జవాబు, మీరు ఇంకా ఈమాన్ తెచ్చుకోలేదు, లోబడ్డాం అని మాత్రం చెప్పండి, ఈమాన్ ఇంకా మీ గుండెల్లోకి దిగలేదు అని. వాళ్ళు ఎవరు? అరబ్బీ పుట్టుకతో వచ్చినవాళ్ళు. ఖురాన్ ఏ భాషలో దిగిందో ఆ భాష వాళ్ళ ఇంట్లో మాట్లాడుకునే భాష. అంత భాష ఉన్నవాళ్ళకే గుండెలోకి దిగలేదని చెప్పాక, ఇక ఉర్దూ వచ్చిన మనిషికి అదొక్కటే ఆసరా ఎలా అవుతుంది?

పండితుల మధ్య తేడాలు ఉన్నాయి, దాచను. కూఫాకి చెందిన ఇమామ్ అబూ హనీఫా గారి లెక్కలో ఈమాన్ అంటే గుండెతో సత్యమని ఒప్పుకోవడం, నాలుకతో చెప్పడం. పనులు తప్పనిసరే, కానీ ఈమాన్ అనే దానిలో భాగంగా వాటిని లెక్కపెట్టరు. ఇమామ్ మాలిక్, షాఫయీ, అహ్మద్ గార్లు పనుల్ని కూడా కలిపే చెప్తారు, ఈమాన్ పెరుగుతుంది, తగ్గుతుంది అంటారు. మన వైపు ఎక్కువమంది హనఫీలం, అంటే అబూ హనీఫా గారి దారిలో నడిచేవాళ్ళం. నాలుకతో చెప్పడం అన్నారు చూడు, అది ఫలానా భాషలోనే అని ఏ ఇమామూ షరతు పెట్టలేదు. అబూ హనీఫా గారి కుటుంబమే ఫారసీ మూలాల నుంచి వచ్చింది. నమాజులో ఖురాన్‌ని ఫారసీలో చదవచ్చా అన్న చర్చ ఆయన రోజుల్లోనే జరిగింది. మొదట ఆయన అరబ్బీ వచ్చినవాళ్ళకి కూడా ఒప్పుకున్నారు, ఆ తర్వాత అబూ యూసుఫ్, ముహమ్మద్ అనే తన శిష్యుల అభిప్రాయానికి, అంటే అరబ్బీ నిజంగా చేతకాని వాళ్ళకి మాత్రమే అన్న మాటకి వచ్చారని హనఫీ గ్రంథాలు చెప్తాయి. ఇవాళ నమాజు అందరం అరబ్బీలోనే చదువుతాం, అందులో రెండో మాట లేదు. ఉర్దూలో నమాజు మాత్రం ఎవరూ చదవరు కదా.

మీ నాన్నగారి గురించి అడిగావు. తర్కం తెలియకుండా, పెద్దలు చెప్పింది నమ్మి నిలబడిన మనిషి ఈమాన్ చెల్లుతుందా అని పాత పండితులు చాలా వాదించుకున్నారు. చెల్లుతుందనే ఎక్కువమంది తేల్చారు. ఆయన అర్థం కాకపోయినా కూర్చుంటున్నారంటే అది ఆయన అదబ్ (మర్యాద). అర్థమయ్యేలా చెప్పకపోవడం చెప్పే మా లాంటి వాళ్ళ లోటు.

---

వించిపేట_వాలా:

మాస్టారు చెప్పినదానితో ఏ గొడవా లేదు. కానీ ఇలాంటి చర్చలు ఎప్పుడూ చివరికి "అయితే ఉర్దూ ఎందుకు" దగ్గర ఆగుతాయి, అదే నా బాధ, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, చదవండి.

తమ్ముడూ, ఉర్దూ అరేబియా నుంచి రాలేదు. ఇక్కడి భాషే, హిందీకి తోబుట్టువు, క్రియలు వాక్యం అన్నీ ఒకటే, లిపి మాత్రం ఫారసీ తరహా నస్తాలిక్, మాటల్లో ఫారసీ అరబ్బీ పాలు ఎక్కువ. ఇది దీన్ చెప్పే భాష ఎలా అయిందో తెలిస్తే నీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లాహ్ గారు ఖురాన్‌ని ఫారసీలోకి అనువదించారు, ఎందుకంటే అప్పుడు చదువుకున్న వాళ్ళ భాష ఫారసీ. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆయన కొడుకులే, షా రఫీఉద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ గార్లు, ఉర్దూలోకి తెచ్చారు, ఎందుకంటే మామూలు జనానికి ఫారసీ అందడం లేదు. అంటే ఒకే ఇంట్లో, ఒక్క తరం తేడాలో, జనం ఏ భాషలో ఉంటే ఖురాన్ అర్థాన్ని ఆ భాషలోకి దించారు. ఉర్దూకి ఆ గౌరవం వచ్చింది అది జనం భాష కావడం వల్ల. అదే న్యాయం గుంటూరులో తెలుగుకి కూడా వర్తిస్తుంది. ఉర్దూని ప్రేమించేవాడిగా ఈ మాట అంటున్నా, నాకు ఇందులో ఏ ఇబ్బందీ లేదు.

మన దక్కన్‌లో అయితే ఇంకా ముందే జరిగింది. 16వ శతాబ్దంలో బీజాపూర్‌లో బుర్హానుద్దీన్ జానం లాంటి సూఫీలు ఫారసీ వదిలి స్థానిక మాటలో రాశారు, అలా రాసినందుకు తప్పుపట్టొద్దని వాళ్ళే చెప్పుకోవాల్సి వచ్చింది కూడా. ఆడవాళ్ళు తిరగలి తిప్పుతూ పాడుకునే పాటలు, చక్కీనామాలు అంటారు, వాటిలో తిరగలి పిడి అలిఫ్ అక్షరంలా ఉంది, అది అల్లాహ్ అని, మధ్యలో కదలకుండా ఉన్న ఇరుసు ముహమ్మద్ (స) అని చెప్తారు. అక్షరం ముక్క రాని తల్లులకి తౌహీద్ (దేవుడు ఒక్కడే అన్న నమ్మకం) అలా చేరింది, పిండి విసురుకుంటూ. ఆ పాటలు కట్టినవాళ్ళు ఆ తల్లుల్ని "ముందు ఫారసీ నేర్చుకు రండి" అనలేదు.

ఇంకో సంగతి, ఆ పెద్దాయన ఇంట్లో మాట్లాడేది కూడా చాలావరకు దక్కనీయే, అంటే మన దక్కన్ ఉర్దూయే అయి ఉంటుంది. నక్కో, హౌ, కైకూ అనే ఉర్దూ. లక్నో వాళ్ళు వింటే మనల్ని కూడా "జుబాన్ లేదు" అంటారు. నాకైతే ఆ దక్కనీ అంటే ప్రాణం, మరాఠీ తెలుగు కన్నడం పక్కన పెరిగిన భాష అది, గోల్కొండ ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసిన భాష.

కానీ నా వైపు బాధ కూడా వినండి. విజయవాడ వన్ టౌన్‌లో మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవడం రాదు. వాళ్ళ నాయనమ్మ రాసుకున్న నోటు పుస్తకం ఇస్తే అటు ఇటు తిప్పి పెట్టేస్తారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూని రెండో అధికార భాషగా చట్టం చేశారు, సంతోషమే, కానీ ఇంట్లో చదివేవాళ్ళు లేకపోతే బోర్డు మీద రాసి ఏం లాభం. తఫ్సీర్లు (ఖురాన్ వ్యాఖ్యానాలు), హదీసు వ్యాఖ్యానాలు, ఫతావాలు (ధర్మ తీర్పులు), సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) పుస్తకాలు, ఉర్దూలో ఉన్నంత మన దేశంలో ఇంకే భాషలోనూ లేవు. అది పోగొట్టుకుంటే నష్టం పెద్దది. పైగా ఉర్దూ ఒక్క ముస్లింలదీ కాదు, ప్రేమ్‌చంద్ మొదలుపెట్టింది ఉర్దూలోనే, ఉర్దూ కవి ఫిరాక్ గోరఖ్‌పురి అసలు పేరు రఘుపతి సహాయ్. ఉర్దూని ఈమాన్ కొలిచే తూనికరాయి చేస్తే ఈమాన్‌కీ అన్యాయం, ఉర్దూకీ అన్యాయం. భాషని మతానికి గుర్తుగా రుద్దితే ఏమవుతుందో 1952లో ఢాకాలో చూశాం, ఉర్దూని రుద్దడం కాదని బెంగాలీ కోసం ప్రాణాలిచ్చిన కుర్రాళ్ళు కూడా ముస్లింలే.

కాబట్టి నేర్చుకో. షరతుగా ఒద్దు, ఇష్టంగా. నీ కాబోయే ఇల్లాలి దగ్గరే నేర్చుకో.

---

మంగళగిరి_అక్క:

తమ్ముడూ నీ పోస్టు చదివి మీ నాన్నగారు అన్నం తినలేదన్న దగ్గరే ఆగిపోయా. నేను తెలుగు ఇంట్లో పుట్టి ఉర్దూ ఇంటికి కోడలిగా వెళ్ళినదాన్ని. మొదట్లో వంటింట్లో నలుగురూ మాట్లాడుకుంటుంటే ఏ డబ్బా అడుగుతున్నారో తెలియక నిలబడేదాన్ని. మెల్లగా వచ్చేసింది. మా అత్తమ్మ తెలుగు కూడా నా వల్ల బాగుపడింది.

వాళ్ళ ఇంట్లో నేను గమనించినది చెప్తా. ఉర్దూ ఇళ్ళలో కూడా చిన్నప్పుడు ఖురాన్ నాజిరా అంటే చూసి చదవడమే నేర్పిస్తారు, అర్థం చెప్పరు. అత్తమ్మ యాసీన్ సూరా ఎంత అందంగా చదువుతారో, కానీ ఏ ఆయత్‌కి అర్థం ఏమిటో అడిగితే ఉర్దూ తర్జుమా (అనువాదం) తీసి చూడాలి. నేను తెలుగు తర్జుమా తీసి చూడాలి. ఇద్దరం అరబ్బీ ముందు ఒక్కటే కదా. రంజాన్‌లో ఇప్పుడు మేం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఆమె ఉర్దూలో చదివి చెప్తే నేను తెలుగులో చదివి చెప్తా, కొన్నిసార్లు ఇద్దరికీ వేరు వేరుగా ఉంటుంది, అప్పుడు మా ఆడపడుచు భర్తకి ఫోన్ చేస్తాం, ఆయన ఆలిమ్ (మత పండితుల చదువు) చదివారు.

తెలుగులో ఖురాన్ మొదటగా అనువదించింది చిలుకూరి నారాయణరావు గారని, ఆయన హిందువు, భాషా పండితుడని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత మన వాళ్ళు చేసిన తర్జుమాలు చాలా వచ్చాయి. తెలుగులో దీన్ లేదు అనే మాట ఇవాళ ఎవరన్నా చెల్లదు. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథకి పద్మశ్రీ తెచ్చారు, తెలుగు నాలుక మీద ఆడించిన సాయిబు ఆయన. మనం ఎవరికీ తక్కువ కాదు, ఇది కాస్త గట్టిగానే చెప్తా, ఎందుకంటే "పింజారి" అనే మాటని తిట్టుగా వాడేవాళ్ళని ఇటు తెలుగువాళ్ళలోనూ చూశాను, "దూదేకులోళ్ళకి ఏం తెలుసు" అనేవాళ్ళని అటు మనవాళ్ళలోనూ చూశాను. రెండు వైపులా పడ్డవాళ్ళం.

పనికొచ్చే సంగతులు రెండు. నికాహ్‌లో ఈజాబ్ (పెళ్ళి ప్రతిపాదన), కబూల్ (ఒప్పుకోలు) ఏ భాషలోనైనా చెల్లుతుంది, మీ ఇద్దరికీ, సాక్షులకీ అర్థమైతే చాలు. మాట ఇస్తున్నావు కదా, అర్థమయ్యే భాషలో ఇవ్వడమే మేలు. మహర్ (వరుడు వధువుకిచ్చే పైకం) ఎంతో కూడా తెలుగులో స్పష్టంగా రాయించండి. ఇక బయాన్ సంగతి. శుక్రవారం నమాజుకి ముందు ఇచ్చే అరబ్బీ ఖుత్బాకి (ప్రసంగానికి) ముందు చెప్పేది బయాన్, అది ఉర్దూలోనే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మా మసీదు కమిటీని మా వారు, ఇంకొందరు కలిసి అడిగితే చివర్లో పది నిమిషాలు తెలుగులో సారాంశం చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కరే వెళ్తే వినరు, నలుగురు పెద్దవాళ్ళని తీసుకెళ్ళు, మీ నాన్నగారిని ముందు కూర్చోబెట్టు.

---

అరండల్‌పేట_రవి:

నేను ముస్లింని కాదు, చర్చ బాగుండి చదువుతున్నా. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ కాలే మస్తాన్ షా దర్గాకి వెళ్ళే అలవాటు ఉంది, అందుకే అడిగే చనువు తీసుకుంటున్నా. మాస్టారూ, గుండెతో ఒప్పుకోవడం అన్నారు. అంటే ప్రశ్నించకుండా ఒప్పుకోవడమా? అనుమానం వస్తే ఈమాన్ పోయినట్టేనా?

---

ఆనందపేట_మాస్టారు:

రవి గారూ, మంచి ప్రశ్న. ఖురాన్ 2వ సూరా 260వ ఆయత్‌లో ఇబ్రాహీం (అలై) అల్లాహ్‌నే అడుగుతారు, చనిపోయిన వాళ్ళని ఎలా బతికిస్తావో నాకు చూపించు అని. "నీకు నమ్మకం లేదా?" అని ప్రశ్న వస్తుంది. "ఉంది, కానీ నా గుండె కుదుటపడాలి" అంటారు. అలా అడిగినందుకు ఆయన్ని కోప్పడలేదు, చూపించారు. ప్రవక్తల్లో అంతటి వాడే గుండె కుదుటపడాలని అడిగితే మనం అడగడంలో తప్పేముంది. బలవంతంగా ఒప్పించడం మాత్రం కుదరదు, ధర్మంలో బలవంతం లేదని అదే సూరా 256లో ఉంది. గుండె ఎవరి చేతిలోనూ ఉండదు కదా. హింస పెట్టి నాలుకతో కాదనిపించినా గుండె ఈమాన్ మీద నిలిచి ఉన్నవాడికి మినహాయింపు ఉందని 16వ సూరా 106లో ఉంది. నాలుక కంటే గుండెకి ఎంత విలువ ఇచ్చారో చూడండి.

అయితే గుండెలో ఉందని చెప్పి ఊరుకోవడానికీ లేదు. ఎవడి కీడు నుంచి పొరుగువాడికి భద్రత లేదో అతడు విశ్వాసి కాదు అని ప్రవక్త (స) మూడుసార్లు ఒట్టు పెట్టి చెప్పిన హదీసు బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉంది. ఈమాన్‌కి డెబ్బైకి పైగా శాఖలున్నాయి, అన్నిటికంటే పైది లా ఇలాహ ఇల్లల్లాహ్ (అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు) అనడం, అన్నిటికంటే కిందిది దారిలో అడ్డం ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టడం, సిగ్గు కూడా అందులో ఒక శాఖ అని ఇంకో హదీసు. ఒక తండ్రిని నలుగురిలో చిన్నబుచ్చడం ఏ శాఖలోకి వస్తుందో ఆ పెద్దాయన కాస్త ఆలోచించుకోవాలి. ఆయన నాకు పరిచయం ఉంటే నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి.

---

నూర్‌బాషా_గుంటూరు:

అందరికీ జజాకల్లాహ్ (అల్లాహ్ మీకు ప్రతిఫలం ఇవ్వాలి). మాస్టారు గారు చెప్పిన జిబ్రీల్ హదీసు మా నాన్నకి తెలుగులో చదివి వినిపించా. మళ్ళీ చదవమన్నారు. ఎడారి అరబ్బుల ఆయత్ దగ్గర "అలా ఉందా" అని లేచి కూర్చున్నారు.

వించిపేట అన్నా, ఉర్దూ నేర్చుకుంటా, మీరు చెప్పినట్టే ఇష్టంగా. అక్కా, కమిటీ దగ్గరికి వచ్చే శుక్రవారం అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత వెళ్దామని మా బాబాయిలతో అనుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది. ఆమంతు బిల్లాహి నా దగ్గర తెలుగు లిపిలో ఉంది, అందులోంచే నేర్చుకున్నా. పలుకుబడి సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

---

ఆనందపేట_మాస్టారు:

తెలుగు లిపి జ్ఞాపకం ఉంచుకోవడానికి పనికొస్తుంది, పలకడానికి చాలదు. అరబ్బీలో రెండు రకాల హ ఉంది, తెలుగులో ఒకటే రాస్తాం. గొంతు లోపలి నుంచి వచ్చే ఖాఫ్‌కీ మామూలు కాఫ్‌కీ తేడా పోతుంది, ఆ ఒక్క అక్షరం మారితే "గుండె" అనే మాట "కుక్క" అనే మాట అవుతుంది. కాగితం మీద ఇది కుదరదు, నోరు చూసి నేర్చుకోవాలి. ఇదే ఇబ్బంది ఉర్దూవాళ్ళకీ ఉంది, ఉర్దూ అక్షరాల్లో ఆ తేడాలు రాస్తారు గానీ పలకడంలో చాలావాటికి తేడా చూపించరు. కాబట్టి ఉర్దూ వస్తే అరబ్బీ పలుకు దానంతటదే వస్తుందనుకోవద్దు.

మీ మసీదులో ఇషా (రాత్రి నమాజు) తర్వాత పెద్దవాళ్ళకి కాయిదా (అరబ్బీ అక్షరాల పుస్తకం) చెప్పేవాళ్ళు ఉన్నారేమో అడుగు. లేకపోతే ఇమామ్ గారినే రోజుకి పావుగంట అడుగు, ముందు అలిఫ్ నుంచి యే దాకా ఒక్కో అక్షరం ఎక్కడి నుంచి పలుకుతుందో నేర్చుకో, అది కుదిరాక సూరాలకి వెళ్ళు. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్ళు.